సోమవారం పేరు, శనివారం తల

పోయిన వారం దో ఓన్‌మేని అమరపుర బజారు నడిబొడ్డున, నడుము మీద చెయ్యి పెట్టుకుని నిలబడ్డ మనిషిని నిలబడ్డట్టే వదిలేసి వచ్చాం. ఆ ఊళ్లో పెద్ద ఆడవాళ్ల పేరు ముందు 'దో' అనడం మర్యాద. ఆవిడ అలా నిలబడడానికి కారణం ఒక ఆటకత్తె తల. పగోడా పండగకి దిగిన నాటకాల కంపెనీలో మొదటి నాట్యకత్తె ఖిన్ సబే ఆదివారం పొద్దున్నే తల గోక్కుంటూ వచ్చింది. "చుండ్రుకి మందని బుధవారం నుంచీ రాయించావు. ఇప్పుడు నెత్తిన కుంపటి పెట్టుకున్నట్టుంది. నువ్వు అమ్మేది శీకాయా, సున్నమా?" అని పదిమందిలో కడిగేసింది. దో ఓన్‌మే వాళ్ల అమ్మమ్మ కాలం నుంచీ ఆ కొట్టు శీకాయ ఒక్క తలని కూడా నొప్పించి ఎరగదు. దో ఓన్‌మేకి ఒళ్లు మండిపోయింది.

"రేపు పొద్దున్న వచ్చి నా పీట మీద కూర్చో. నా చేత్తో నేనే అంటుతాను. చుండ్రు ఒక్క పూటలో పోదు, అది నేనూ ఒప్పుకుంటాను. మంట మాత్రం ఈ పీట మీదే పోవాలి. పోలేదా, ఈ కుండ నీ కళ్లముందే పగలగొట్టి లేచి వెళ్లిపోతాను. మళ్లీ ఈ బజారు మొహం చూస్తే నా పేరు ఓన్‌మే కాదు" అంది.

అందరూ నోళ్లు తెరుచుకుని విన్నారు. అక్కడికి మనం ఆపాం.

కోపంలో మనిషికి చాలా తట్టవు. దో ఓన్‌మేకి తట్టనిది చిన్నదే. రేపు ఏ వారం అన్నది.

తెల్లారి ఆవిడ ఎప్పటిలాగే కొట్టు తెరిచింది. కొట్టంటే రెండు గోనెపట్టాలు, ఒక పొయ్యి, నల్లగా మెరిసే మట్టికుండ, తలంటుకునేవాళ్లకి ఒక పీట, అంతే. రాత్రే నానేసిన తయో చెట్టు బెరడుని పిండి జిగురు తీసింది. శీకాయ మరిగించి, చల్లార్చి, వడగట్టి అందులో కలిపింది. నాలుగు నిమ్మకాయలు పిండింది. వేలు ముంచి ఎత్తి చూస్తే జిగురు తెగకుండా మోచేతి దాకా సాగింది. ఆవిడ తృప్తిగా తల ఊపుకుంది. అరవై రెండేళ్ల వయసులో కూడా ఆ సాగడం చూస్తే ఆవిడకి ఛాతీ కొంచెం పొంగుతుంది, దాచుకోవడం కూడా చేతకాదు.

అంతలో పక్కన ఎండుచేపలమ్మే దో ఫ్వా నవ్వింది. ఆవిడ నవ్విందంటే ఎవరికో మూడిందన్నమాటే.

"అక్కా, నీ తెలివికి దండం పెట్టాలి."

"పొద్దున్నే ఏమిటే?"

"ఏమిటా? పిల్ల పేరు ఖిన్. సోమవారం పుట్టిన పిల్ల. నువ్వేమో సోమవారమే తలంటుకి రమ్మన్నావు. పుట్టిన వారం నాడు తల తడుపుకుని అదృష్టాన్ని నీళ్లలో పోసుకునేది ఎవత్తే? అది రాదు. నీ కుండ పగలదు. ఎంత లౌక్యం!"

దో ఓన్‌మే చేతిలో గరిటె ఆగిపోయింది.

ఆ ఊళ్లో పేరు మొదటి అక్షరం వింటే చాలు, పుట్టిన వారం చెప్పేస్తారు. కకార ఖకారాలు సోమవారానివి, నకారం శనివారానిది, అచ్చులు ఆదివారానివి. పాలు తాగే పిల్లకి కూడా ఈ లెక్క వచ్చు. నలభై ఏళ్లుగా మందు పొట్లం కట్టే ముందు పేరు అడిగి, "ఫలానా సాయంత్రం తలకి మందు ముద్ద పెట్టొద్దు, మర్నాడు నీ వారం, కడగలేవు" అని ఒక్కొక్కళ్లకీ చెప్పి పంపే మనిషి, తను వేసిన పందెంలోనే వారం మరిచిపోయింది! పైగా అది మరపు అని ఎవరూ అనుకోవడం లేదు. కూరగాయల వైపు నుంచి ఎవరో "పట్టిన కుందేలుకి కాళ్లే లేకుండా చూసుకుంది ముసలమ్మ" అన్నారు. చేపపులుసు సేమ్యా మొహింగా అమ్మే బండి దగ్గర గిన్నెలు పట్టుకుని నిలబడ్డవాళ్లు పకపకా నవ్వారు.

తప్పు చేశావని అంటే దో ఓన్‌మే పోట్లాడుతుంది. మోసం చేశావంటే మాత్రం ఆవిడకి మాట రాదు. కుండ మూత పెట్టి, మళ్లీ తీసి, మళ్లీ పెట్టింది.

"రాకపోతే నేనే వెళ్తాను" అంది చివరికి. "రేపు వెళ్తాను. కుండ మోసుకుని వాళ్ల డేరా దాకా వెళ్లి అంటి వస్తాను. సరేనా?"

"నువ్వా? నాటకాల డేరాకా?" దో ఫ్వా కళ్లు పెద్దవి చేసింది. "ఆ గుడ్డ నీడ కూడా తొక్కనని ఒట్టు పెట్టుకున్నదానివి కదటే."

ఆ ఒట్టు వెనక ఒక చెల్లెలుందనీ, ఇరవై రెండేళ్లుగా ఆ చెల్లెలి పేరు అక్క నోట రాలేదనీ బజారందరికీ తెలుసు. తెలిసినా ఎత్తరు. దో ఫ్వా కూడా నాలుక కరుచుకుంది.

సరిగ్గా అప్పుడే జనం రెండుగా చీలారు.

ఖిన్ సబే వచ్చింది. లుంగీ గుండెల దాకా ఎత్తి కట్టుకుని, భుజాన తువ్వాలు వేసుకుని, స్నానానికి సిద్ధమై వచ్చింది. ఎవరినీ చూడకుండా వచ్చి పీట మీద కూర్చుని, కొప్పు విప్పేసింది. జుట్టు నేల మీద పడింది.

"మొదలుపెట్టండి పెద్దమ్మా" అంది.

నిన్న 'ముసలమ్మా' అన్న నోరే ఇవాళ 'పెద్దమ్మా' అంది. అది మర్యాదకి ఎవరైనా అనే మాటే కాబట్టి దో ఓన్‌మే పట్టించుకోలేదు. బజారు మాత్రం వేరే సంగతి పట్టించుకుంది.

"అమ్మాయ్! ఇవాళ సోమవారం!" దో ఫ్వా ఉండబట్టలేక అరిచింది.

"తెలుసు."

"నీ వారమే!"

"నాకలాంటి పట్టింపుల్లేవు."

జనం గుసగుసలాడారు. పట్నం పిల్లలు ఇంతేనన్నారు కొందరు. ధైర్యమంటే అదీ అన్నారు ఇంకొందరు. దో ఓన్‌మేకి ఆ పిల్ల మీద మొదటిసారి ముచ్చటేసింది. పొగరున్న తలంటే ఆవిడకి ఇష్టం. తనదీ అలాంటిదే కదా!

ఆ పిల్లకి మాత్రం ఇది పొగరు సంగతి కాదు, బతుకు సంగతి. పది రోజుల కిందట నల్ల మఖమల్ తొడుక్కుని దీపాల వెలుగులో గిర్రున తిరిగితే భుజాల మీద తెల్లగా రాలింది. ఎవడో కొంటెవాడు వెనక నుంచి "మంచు పడుతోందిరోయ్!" అని కేక పెట్టాడు. ఆ ఊళ్లో మంచు చూసినవాడు ఒక్కడూ లేడు, అయినా అందరూ నవ్వారు. పున్నమి లోపల తల బాగుపడకపోతే పెద్ద వేషం రెండో ఆటకత్తెకిస్తానని యజమాని చెప్పేశాడు.

దో ఓన్‌మే జుట్టు పాయలు తీసింది. తీసిన చేతులు అలాగే ఉండిపోయాయి. మాడు మీద ముద్ద చెక్కు కట్టి, కింద చర్మం ఎర్రగా కందిపోయి ఉంది. ముక్కు దగ్గరగా పెట్టి వాసన చూసింది. పులిసిన వాసన.

ఆవిడకి సగం అర్థమైంది. ఇది మందు చేసిన పని కాదు. మందు కడగకపోతే జరిగే పని.

వంగి, పిల్లకి మాత్రమే వినబడేంత మెల్లగా అడిగింది. "బుధవారం సాయంత్రం రాశావా?"

"రాశాను. గురువారం పొద్దున్నే కడిగాను. చల్లగా ఉంది."

"గురువారం?"

"రాశాను. శుక్రవారం కడిగాను. గోకుడు సగం తగ్గింది కూడా."

"శుక్రవారం సాయంత్రం?"

"రాశాను."

"శనివారం పొద్దున్న కడిగావా?"

పిల్ల తువ్వాలు కొస వేలికి చుట్టుకుంది.

"నిన్నే అడుగుతున్నది. కడిగావా, లేదా?"

"లేదు" అంది పిల్ల ఇంకా మెల్లగా. "ఆదివారం కడిగాను, అప్పటికే చెక్కు కట్టి ఊడలేదు. అమ్మ ఒప్పుకోలేదు. శనివారం తల మీద చుక్క నీళ్లు పడనివ్వదు."

"ఆ ముద్ద మీదే జడపిన్నులు గుచ్చి, సవరం కట్టి, దీపాల వేడిలో ఆడావు."

"ఆడాను. ఏం చెయ్యమంటారు? టిక్కెట్లు అమ్మేశారు."

దో ఓన్‌మే నిటారుగా నిలబడింది. గెలిచాననుకుంది. కుండ గెలిచింది, అమ్మమ్మ గెలిచింది, అందరి ముందూ ఆ మాట గొంతెత్తి అరవాలనిపించింది. నోరు తెరిచింది కూడా.

అప్పుడు రెండో సగం అర్థమైంది.

సోమవారం పట్టింపు లేని పిల్లకి శనివారం పట్టింపేమిటి? తన వారం కాని వారం నాడు ఏ తల్లి ఆపుతుంది? ఈ పిల్లది సోమవారం పేరు. తల మాత్రం శనివారంది. మందు ఇచ్చేటప్పుడు తను 'ఖిన్' అన్న పేరు విని, ఆదివారం సాయంత్రం ముద్ద పెట్టొద్దని చెప్పింది. నిజం పేరు చెప్పి ఉంటే శుక్రవారం సాయంత్రం వద్దని చెప్పి ఉండేది. పిల్ల దాచింది ఒక్క అక్షరం, ఆ అక్షరమే నెత్తిన మంటై కూర్చుంది.

"ఏమైంది అక్కా, చేతులు ఆగిపోయాయి?" దో ఫ్వా కేకేసింది. "కుండకి బెంగ పట్టుకుందా?"

"నీ చేపలకి ఈగలు పట్టాయి, ముందు అవి చూసుకో" అంది దో ఓన్‌మే.

గోరువెచ్చటి నీళ్లతో చెక్కు నానబెట్టి, వేళ్ల కొసలతో ఒక్కొక్క పెచ్చే ఊడదీసింది. గోరు తగలనివ్వలేదు. తర్వాత కుండలో చెయ్యి ముంచి మొదటి దోసిలి ఎత్తింది. ఎవరైనా మొదటి దోసిలి నడినెత్తిన పోస్తారు. వాళ్లింట్లో అలా కాదు. ముందు కుడిచెవి వెనక, తర్వాత ఎడమచెవి వెనక, నడినెత్తి అన్నిటికన్నా చివర. "రాజుగారిని చూడాలంటే ముందు కాపలావాళ్లని పలకరించాలే" అనేది వాళ్ల అమ్మమ్మ. ఈ పద్ధతి తెలియని కొత్తవాళ్లు చెవి వెనక చల్లగా పడగానే ఉలిక్కిపడి మెడ ముడుచుకుంటారు. నలభై ఏళ్లుగా చూస్తోంది, ముడుచుకోనివాళ్లు లేరు.

కుడిచెవి వెనక మొదటి దోసిలి పడింది.

పిల్ల ఉలిక్కిపడలేదు. కళ్లు మూసుకుని, ఎవరూ చెప్పకుండానే తల అటు తిప్పి, ఎడమచెవి అందించింది.

దో ఓన్‌మే రెండో దోసిలి ఎత్తబోయి ఆగింది. ఆ తల తిప్పడం చిన్నప్పుడు తనూ నేర్చుకుంది, తన పక్కనే కూర్చుని ఇంకొకతె నేర్చుకుంది. ఆ ఇల్లు దాటి ఆ పద్ధతి ఎక్కడికీ పోలేదు. పోతే ఒక్కతెతోనే పోయింది.

ఇరవై రెండేళ్ల కిందట ఆ ఇంట్లో ఒక పసిపిల్లకి తల మీద శీకాయ నీళ్లు పోసి పేరు పెట్టారు. నూరు రోజుల పిల్ల. అమ్మమ్మ అప్పటికే పోయింది కాబట్టి పెద్దరికం దో ఓన్‌మేది. శనివారం పుట్టిన పిల్ల కనుక నకారంతో పేరు వెతికి, నీలార్ అని చెవిలో చెప్పింది. "ఆదివారానికి గుర్తు గరుడపక్షి, అది నీది. శనివారానికి నాగుపాము, అది దీనిది. నాగుని తెచ్చి గరుడ ఒళ్లో పెట్టాను, జాగ్రత్త అక్కా!" అని నవ్వింది పిల్ల తల్లి. ఆ నవ్వు సాయంత్రం దాకా కూడా నిలవలేదు. మొగుడు డోలు వాయించే కంపెనీతో ఊళ్లు తిరుగుతానంది చెల్లెలు. "డేరాల వెంట తిరిగే చేతులు ఈ కుండని ముట్టుకోకూడదు" అంది అక్క, చుట్టాలందరూ వింటుండగా. చెల్లెలు పిల్లనెత్తుకుని లేచింది. "ముట్టుకోను. నువ్వు పేరు పెట్టి పిలిచేదాకా నీ గడప కూడా తొక్కను" అంది. "పిలుస్తానేమో చూడు" అంది అక్క. రెండు మాటలూ అలాగే నిలబడ్డాయి. అక్కకి పిల్లలు లేరు. కుండ ఎవరికివ్వాలని ఎవరైనా అడిగితే, "నాతోనే చితికి" అనేది.

ఇప్పుడు ఆ పసితలే తన చేతుల్లో ఉంది. మొట్టమొదట శీకాయ పోసిన చేతులే మళ్లీ పోస్తున్నాయి. దో ఓన్‌మే ఏడవలేదు. ఏడవడం ఆవిడకి అలవాటు లేదు. ఎడమచెవి వెనక రెండో దోసిలి పోసింది. నడినెత్తిన మూడోది పోసి, జిగురు కుదుళ్లకి పట్టేదాకా నెమ్మదిగా మర్దనా చేసింది. నాలుగు చెంబుల చల్లటి నీళ్లు పోసింది. ఎంత బాగా పోసిందంటే, చూస్తున్నవాళ్లకి కూడా తల దురద పుట్టింది.

పిల్ల పెద్దగా ఊపిరి వదిలింది.

"మంట?" అరిచారు జనం.

పిల్ల మాడు తడుముకుంది. ఒకసారి కాదు, మూడుసార్లు. "లేదు" అంది. "లేదు! పోయింది!"

బజారు హోరెత్తింది. మొహింగా బండివాడు గరిటెతో గిన్నె వాయించాడు. ఇందాక నవ్వినవాళ్లలో అందరికన్నా గట్టిగా చప్పట్లు కొట్టింది దో ఫ్వానే. "అంతా బాగానే ఉంది గానీ, మరి నిన్నటిదాకా ఎందుకు మండిందట? తప్పు ఎవరిది? అది తేలాలి!" అంది చప్పట్లు ఆపకుండానే.

అందరూ దో ఓన్‌మే వైపు చూశారు.

చెప్పడం ఎంతసేపు? 'ఈ పిల్ల దొంగ పేరు చెప్పింది, శనివారం పిల్ల' అంటే చాలు, తన మీద చుక్క మచ్చ మిగలదు. కానీ నాటకాలవాళ్లకి పేరే పెట్టుబడి. సోమవారం, అంటే పులి వారం పేరు పెట్టుకున్న ఆటకత్తె పాము వారం పిల్లని తెలిస్తే, రేపు డేరాలో మంచు కాదు, ఇంకేదో కేక వినబడుతుంది. పీట మీద పిల్ల తలెత్తి చూసింది. ఆ కళ్లలో బతిమాలడం లేదు. చెపితే చెప్పుకో అన్నట్టుంది. అచ్చం వాళ్లమ్మే!

"తప్పు నాది" అంది దో ఓన్‌మే.

దో ఫ్వా చప్పట్లు ఆగిపోయాయి. ఆ నాలుగు అక్షరాల మాట ఆ నోట వచ్చిందని రేపు చెపితే ఎవరూ నమ్మరు.

"ముద్ద ఎప్పుడు పెట్టాలో, ఎప్పుడు పెట్టకూడదో నేను సరిగ్గా చెప్పలేదు. మందులో లోపం లేదు, చెప్పడంలో ఉంది. ఇంకా అడగాల్సినవాళ్లు ఎవరైనా ఉన్నారా?"

ఎవరూ లేరు. ఆ మాటని కూడా ఆవిడ తల ఒక్క అంగుళం దించకుండానే చెప్పింది. జనం మెల్లగా బేరాల్లో పడ్డారు.

ఖిన్ సబే తువ్వాలు తలకి చుట్టుకుని ఆవిడ దగ్గరికి జరిగింది. "ఎందుకలా చెప్పారు? తప్పు నాదని మీకు తెలిసిపోయింది కదా, పెద్దమ్మా?"

"పెద్దమ్మా అంటున్నావు. మర్యాదకి అంటున్నావా, వరసకి అంటున్నావా?"

"అంటే?"

దో ఓన్‌మే కుండ వైపు తిరిగి, జిగురు చేతులు తుడుచుకుంటూ, ఎవరినో పిలుస్తున్నట్టు కాకుండా ఊరికే అన్నట్టు అంది.

"నీలార్."

"ఆఁ?" అంది పిల్ల.

అనేశాక అదిరిపడింది. "ఆ పేరు... అది కంపెనీలో కూడా ఎవరికీ తెలీదు. అమ్మకీ నాకూ మాత్రమే తెలుసు. మీకెవరు చెప్పారు?"

"నాకు ఒకళ్లు చెప్పడమేమిటి? నీకు చెప్పిందే నేను."

తలకి చుట్టిన తువ్వాలు భుజం మీదికి జారింది.

"మీ అమ్మ ఇంట్లో కుండ పెడుతుందా?" కుండ మూత సర్దుతూ అడిగింది దో ఓన్‌మే.

"ఎప్పుడూ పెట్టలేదు. శీకాయ కొననే కొనదు. సబ్బుతోనే అంటుతుంది, అదీ ఇలాగే, చెవుల దగ్గర మొదలుపెట్టి. ఎందుకు పెట్టవే అంటే, నాకు హక్కు లేదంటుంది. ఈ చుండ్రు వచ్చాక, ఎవరి దగ్గర తగ్గకపోయినా అమరపురలో ఒకావిడ దగ్గర తగ్గుతుందని తనే పంపింది. ఎవరని అడిగితే చెప్పలేదు." పిల్ల ఆగింది. "ఇవాళ నాతోనే వచ్చింది."

"వచ్చిందా? ఎక్కడ?"

"బజారు గేటు బయట, సైకిల్ రిక్షాలో. నిన్న కూడా వచ్చింది. దిగమంటే దిగదు. పేరు పెట్టి పిలిస్తే తప్ప దిగనంటుంది. ఎవరు పిలవాలే అంటే, కళ్లు తుడుచుకుంటుంది."

దో ఓన్‌మే లేచింది. ఎండుచేపల తట్టల మీదుగా, మొహింగా బండి పొగ మీదుగా గేటు కనిపిస్తోంది. గేటు అవతల నీడలో రిక్షా ఉంది. అందులో ఒక మనిషి వీపు. జుట్టు తెల్లబడింది, కొప్పు మాత్రం వాళ్లమ్మమ్మ వేసినట్టే ఎడమ వైపుకి వంచి వేసి ఉంది.

ఇరవై రెండేళ్లు మింగి ఉంచుకున్న పేరు గొంతు దాకా వచ్చింది. పిలిస్తే బజారంతా వింటుంది. ఇందాకే ఒకసారి ఓడాను, పొద్దున్నే రెండోసారా అనుకుంది దో ఓన్‌మే. అనుకుంటూనే, తడి ఆరని చేతులు నోటికి అడ్డం పెట్టి, గుండెల నిండా ఊపిరి పీల్చుకుంది.

గేటు దగ్గర రిక్షా గంట మోగింది. పిలుపు ఇంకా నోరు దాటకుండానే బండి కదిలింది. మిగతాది వచ్చే వారం.